అగ్గిపెట్టెల లెక్క

రూప్లా నీలం జీపులో పదిహేడు మంది పడతారు. తొమ్మిది మంది కూర్చుంటారు, అయిదుగురు వేలాడతారు, మిగతా ముగ్గురు ఎక్కడున్నారో దిగేదాకా ఎవరికీ తెలియదు. కోదాడ నుంచి మోదుగుల తండా మీదుగా చిలుకూరు వైపు వెళ్లే అడ్డరోడ్డు మీద బస్సు లేదు. అందుకే ఆ సంవత్సరం, అంటే 1993లో, ఆ రోడ్డుకి రూప్లానే రాజు. రాజు వయసు పాతికేళ్లు. మీసం మీదున్న శ్రద్ధ బ్రేకుల మీద కాస్త తక్కువ.

జూలైలో ఒక గురువారం పొద్దున ఆ రాజుకి చెమటలు పట్టాయి.

తండా బడి ముందు రోడ్డు పక్కన బండ మీద నలుగురు పిల్లలు పలకలు పట్టుకుని కూర్చుంటున్నారు. జీపు రాగానే లోపలికి తొంగి చూసి, పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టి, పలక మీద గీతలు గీస్తున్నారు. మూడు రోజులుగా ఇదే వరస. ఏదో ఆటనుకున్నాడు రూప్లా. కోదాడ అడ్డా మీద ఇంకో జీపు నడిపే కాటయ్య ఆ భ్రమ తీర్చాడు.

"ఆట గాదు తమ్మీ. కొత్త టీచరు బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు కాయితం రాస్తున్నదట. ఏ బండిల ఎంతమందో పిల్లగాండ్లతోని లెక్క తీపిస్తున్నది. ఇగ మన పని ఖతం."

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటే బండి స్టేషన్లో, మనిషి ఆఫీసుల చుట్టూ. రూప్లా బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. బడికి ఇవతలి మలుపులో జీపు ఆపి, ఎనిమిది మందిని ఉంచుకుని మిగతావాళ్లని దింపాడు. వాళ్లు పొలం గట్ల మీదుగా నడిచి, బడి దాటాక మళ్లీ ఎక్కారు. కాటయ్య కూడా అదే పని చేశాడు. శుక్రవారం కూడా అదే తంతు.

"నడవనీకి పైసలిచ్చి జీపెక్కాల్నారా? ముందుగాలనే నడుస్తుంటి గద" అంది యాదమ్మ అనే ముసలావిడ, మోకాళ్ల దాకా బురదతో.

ఆ మాట రూప్లాకి గుచ్చుకుంది. మధ్యాహ్నం జీపు తిన్నగా బడి ముందే ఆపి, కోపంగా లోపలికి వెళ్లాడు.

"టీచరమ్మా, మేం మీకు ఏం అన్యాయం జేసినం? పిల్లగాండ్లతోని మా బండ్ల మీద నిఘా పెట్టిస్తరా?"

పిల్లల మధ్య నేల మీద కూర్చున్న అమ్మాయి తలెత్తింది. చేతులకి సుద్ద పొడి, ముక్కు మీద కూడా ఒక చుక్క. ఆ చుక్క చూసేసరికి రూప్లా దారి పొడుగునా తయారు చేసుకున్న రెండో వాక్యం మర్చిపోయాడు.

"మీరెవరు?" అంది ఆమె.

"నీలం జీపు, టీచర్" అని మూడో తరగతి భూలి పరిచయం చేసింది. "నిన్న ఎనిమిది, ఇయ్యాల ఎనిమిది."

"పట్నం పిల్లకు మన బాధలేం తెలుస్తయి" అని రూప్లా లంబాడీలో గొణుక్కున్నాడు.

"నాది పట్నం గాదు. మాడుగులపల్లి పక్కన తండా. పేరు పుష్పాబాయి" అంది ఆమె, అదే లంబాడీలో.

పిల్లలు పడీ పడీ నవ్వారు. రూప్లాకి భూమిలోకి పోదామనిపించింది. భూమి సిమెంటుది, దారివ్వలేదు.

"వచ్చిండ్రు గద, కూసోండ్రి. మీ గురించే పాఠం నడుస్తున్నది" అని ఆమె గోడ చూపించింది.

గోడ మీద ఒక గీత. ఆ గీత మీంచి ఖాళీ అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి వరసగా అతికించి ఉన్నాయి. భూలి కర్ర తీసుకుని, తనే టీచరైనట్టు చెప్పింది.

"ఒక్క పెట్టె అంటే పది మంది. సోమారం పదమూడు పెట్టెలు. మంగళారం పద్నాలుగు. బుధారం పదమూడు. బేస్తారం ఆరు. శుక్కురారం గింతవరకు మూడు."

"మరి బేస్తారం ఎందుకు పొట్టిగైంది?" అంది పుష్పాబాయి.

"ఊరందరికి జరమొచ్చింది" అన్నాడు ఒకడు. "అగ్గిపెట్టెలు అయిపోయినయి" అన్నాడు ఇంకొకడు.

"కాదు టీచర్" అంది భూలి. "మా పక్కింటి యాదమ్మవ్వ మోకాళ్లు వాసినయి. ఈ అన్ననే మలుపు కాడ దింపుతుండట."

ఇరవై జతల కళ్లు రూప్లా వైపు తిరిగాయి. అతను గోడ వైపు చూశాడు. అక్కడ కూడా తన దొంగతనమే కనిపించింది, ఆరు పెట్టెల ఎత్తున.

బాల్యా అనే పిల్లవాడు లేచి, "అయితే ఇంకో ఏడు పెట్టెలు అతికిద్దాం టీచర్. బుధారమంత చేద్దాం" అన్నాడు.

"మనం చూసినమా?"

"లే."

"చూడనిది అతికించొద్దు. ఆరే ఉండనీ."

రూప్లాకి ఇదంతా అయోమయంగా ఉంది. "ఇన్‌స్పెక్టర్‌కు గాకపోతే ఇదంత దేనికి?" అన్నాడు.

"మొదలు లెక్కల పాఠం కోసమే. పుస్తకంలో మామిడిపండ్లు లెక్కపెట్టి పెట్టి వీళ్లకు విసుగొచ్చింది. ఎదురుంగ రోడ్డుంది గదా, కూసోబెట్టిన. మూడో రోజు భూలి అడిగింది, గింతమంది పోతుంటే మన రోడ్డుకు బస్సెందుకు లేదని. వీళ్ల అక్క అయిదు పాసై ఇంట్ల కూసున్నది. జీపుకు ఏలాడుకుంట హైస్కూలుకు పోవద్దన్నరు ఇంట్లోళ్లు. డిపోల సారును అడిగితే, మనుషులుంటరా అసలు, వారం రోజుల లెక్క తెమ్మన్నడు."

రూప్లా బయట ఆగి ఉన్న తన జీపు వైపు చూశాడు.

"బస్సొస్తే నా జీపు ఎవరెక్కుతరు టీచరమ్మా?"

"ఆ సంగతి నేను లెక్కల వేయలే" అంది. ముఖం చిన్నబోయింది.

ఆమె వాదిస్తే అతను హాయిగా పోట్లాడి పోయేవాడు. వాదించకపోవడంతో కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, జీపెక్కి వెళ్లిపోయాడు.

శనివారం సాయంత్రం వాన దంచి కొట్టింది. కోదాడలో కిరాయికి ఉండే పుష్పాబాయి, గోడ మీది లెక్కని డిపో కోసం ఎక్కించిన చార్టు చుట్టని కొంగులో దాచుకుని రోడ్డు మీద నిలబడింది. రూప్లా జీపు ఆపి, పరదా తీసి ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని చార్టుకి చుట్టి, తను తడుస్తూనే ముందు సీట్లో కూర్చుంది.

"మీకిచ్చిన పరదా అది."

"నేను ఆరుత. స్కెచ్ పెన్ను రంగు ఆరదు, కారుతది."

కొంత దూరం వైపర్ మాత్రమే మాట్లాడింది.

"ఆ లెక్కతోని బస్సు రాదు" అన్నాడు రూప్లా.

"తెలుసు."

"సోమారం లెక్కనే అన్ని రోజులకు రాస్తే అయిపాయె. డిపో సారొచ్చి చూస్తడా?"

"పిల్లలు చూస్తరు" అంది ఆమె.

అంతే. నీతులేం చెప్పలేదు. జుట్టులోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ, ఆ పొట్టి వరసలున్న చార్టుని మాత్రం పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుంది. ఆమె మీద ప్రేమ పుట్టిందని రూప్లాకి అప్పుడే అర్థమైంది. ఆమె కోరిన బస్సు వస్తే తన బతుకు రోడ్డున పడుతుందని కూడా అర్థమైంది. రెండూ ఒకే వానలో అర్థం కావడం అతని ఖర్మ.

కోదాడలో దిగబోతుంటే అన్నాడు. "సోమారం నుంచి మళ్ల లెక్క పెట్టించుండ్రి."

"ఎందుకు?"

"యాదమ్మ మోకాళ్లు బాగలేవు."

ఆమె అతని వైపు చూసింది. జీపు పోయాక కూడా కాసేపు అటే చూసింది.

సోమవారం నుంచి రూప్లా నిండు జీపుతో బడి ముందు ఆగి మరీ కదిలాడు. "భూలీ, వెనక ఇద్దరు ఏలాడుతున్నరు, ఇడిసిపెట్టకు" అని దగ్గరుండి లెక్క రాయించాడు. కాటయ్యని కూడా బతిమాలి, చాయ్‌లు తాగించి దారికి తెచ్చాడు. అగ్గిపెట్టెలు నల్లబల్ల దాటి పైకి పోయాయి. బాల్యా కుర్చీ ఎక్కి అతికించాడు.

రూప్లా తల్లి కమలాబాయికి సంగతి తెలిసింది. "నీ కూడు నువ్వే పారబోసుకుంటున్నవ్ గదరా" అంది.

"తెలుసు యాడీ" అన్నాడు. ఆవిడ కొడుకు ముఖం చూసి, ఇంకేం అడగకుండా మరో రొట్టె వేసింది.

సెప్టెంబరులో బస్సొచ్చింది. రోజుకి నాలుగు ట్రిప్పులు, పిల్లలకి పాసులు. భూలి అక్క మొదటి రోజే కిటికీ పక్కన కూర్చుంది. మిగిలిన జనానికి కాటయ్య జీపొక్కటే ఎక్కువ. నీలం జీపు ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు.

పుష్పాబాయి సంతోషంగా ఉండాలి. ఉంది కూడా, సగం. బయట హారన్ మోగితే పాఠం మధ్యలో ఆగిపోయేది. అది బస్సని తెలిశాక, తను పాఠం ఎక్కడ ఆపిందో పిల్లల్ని అడిగేది.

ఒకరోజు భూలి కొత్త లెక్క తెచ్చింది. బస్సుకి పెట్టెలు, కాటయ్య జీపుకి పెట్టెలు అతికించి, మూడో చోట ఆగింది.

"టీచర్, నీలం జీపుకు సున్నా. సున్నాకు పెట్టె ఎట్ల అతికించాలె?"

"ఏం అతికించొద్దు. జాగ ఖాళీగ ఇడిసిపెట్టాలె."

భూలి అలాగే విడిచిపెట్టింది. ఆ ఖాళీ జాగా పుష్పాబాయిని రోజంతా ఏడిపించింది. అతని గురించి తను ఒక్క ముక్క అడగలేదని, థాంక్స్ కూడా చెప్పలేదని గుర్తొచ్చి తన మీద తనకే కోపమొచ్చింది.

దసరా సెలవులిచ్చారు. ఊరికి బయల్దేరిన పుష్పాబాయి మిర్యాలగూడ బస్టాండ్ బయట సంచి పట్టుకుని నిలబడితే, "మాడుగులపల్లి, మాడుగులపల్లి" అని ఎవరో గొంతు చించుకుంటున్నారు. తల తిప్పింది. నీలం జీపు.

"ఈడ ఏం జేస్తున్నరు?" అంది, జీపు దగ్గరకి నడిచి.

"జీపు నడుపుతున్న."

"సూర్యాపేట రోడ్డు మీకు దగ్గర గదా. గింత దూరం ఎందుకొచ్చిండ్రు?"

"ఈ రోడ్డు మంచిగుంటదనిపించింది."

"ఎంతమంది ఎక్కుతరో లెక్క తీసే వచ్చిండ్రా?"

"తీసిన" అన్నాడు రూప్లా, స్టీరింగ్ వైపు చూస్తూ. "ఒక్కరు ఎక్కితే సాలనుకున్న."

పుష్పాబాయి ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. వెనక పదహారు మంది సర్దుకున్నారు. ఊరు దాటింది, వరి పొలాలు మొదలయ్యాయి. తన తండా మలుపు దగ్గర పడుతుంటే, ఆమె గట్టిగా ఊపిరి తీసుకుంది.

"మీ ఇంటిపేరు ఏంది?"

జీపు కీచుమని ఆగింది. తండాల్లో ఈ ప్రశ్న ఊరికే అడగరు. ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నాచెల్లెళ్ల కింద లెక్క, అందుకే పెళ్లి మాటకి ముందు పెద్దవాళ్లు మొట్టమొదట అడిగేది ఇదే. అమ్మాయే అడగడం రూప్లా వినలేదు.

"ధరావత్. మరి మీది?"

"భూక్యా."

రూప్లా ఊపిరి వదిలాడు. ఆమె కూడా వదిలింది.

"బండెందుకు ఆగింది బిడ్డా?" అంది వెనక నుంచి కొమురమ్మ అనే పెద్దావిడ. అన్నీ విని, ఏమీ విననట్టు.

"మా నాయిన ఇంట్లనే ఉంటడు" అంది పుష్పాబాయి మెల్లగా. "జీపు తండాలకు తిప్పు. దిగి మాట్లాడు."

"వెనక పదహారు మంది ఉన్నరు."

"ఉండనీ."

జీపు వెళ్లి పుష్పాబాయి తండ్రి లచ్చిరాం ఇంటి ముందు ఆగింది. లచ్చిరాం అరుగు మీంచి లేచాడు. కూతురు దిగింది. పక్కనుంచి ఒక కుర్రాడు దిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నమస్కారం పెట్టాడు. వాళ్ల వెనక జీపు నిండా జనం.

"ఎవరు బిడ్డా వీళ్లంత?"

పుష్పాబాయి నోరు తెరిచేలోగా కొమురమ్మ కొంగు సర్దుకుంటూ జీపు దిగింది.

"మేము పిల్లగాని తరపోళ్లం" అంది. "పిల్లనడగనీకి వచ్చినం."

లచ్చిరాం కూతురి ముఖం చూశాడు. ఆమె తల వంచుకుంది గాని, కాదనలేదు. ఆయన మళ్లీ జీపు వైపు చూసి నవ్వాడు.

"గింతమందొచ్చి అడిగితే ఏమంట. లోపటికి రాండ్రి, చాయ్ పెట్టిస్త."

పదహారు మందీ దిగారు.