కొస కుర్చీ ముందు కంచం

విందుకి పిలిచినాయన లేవకుండా మనం లేవొచ్చా, పిల్లలూ? రోహన్ వై నాట్ అంటున్నాడు. సరే, అయితే ఈ కథ నీకే.

ఎడిన్‌బర్గ్ బయట, బస్సు ఆఖరి స్టాపు దాటాక, ఓ పాత రాతి బంగళా ఉంది. దాని భోజనాల హాలంటే చుట్టుపక్కల అందరికీ భయం. పూర్వం ఆ ఇంటి దొర పెద్ద విందిచ్చి, మధ్యలో తల వాల్చేశాడట. కునుకు పట్టిందనుకున్నారు. దొర లేవకుండా అతిథులు లేవడం మర్యాద కాదు కదా... అందుకని కూర్చున్నారు. కూర్చునే ఉన్నారు. తెల్లారాక తెలిసింది, రాత్రంతా శవానికి కాపలా కాశామని.

అప్పట్నుంచీ బల్ల కొసనున్న ఆ కుర్చీ ముందు కంచం పెట్టరు. పెడితే ఆ విందు మళ్ళీ మొదలవుతుందట.

మీ అమ్మ ఫ్రెండ్ అపూర్వ ఆంటీ ఉందిగా, తనే నాకు ఫోన్లో చెప్పింది. కంపెనీలకి విందులు ఏర్పాటుచేసే ఆఫీసులో కొత్తగా చేరిన రోజులవి. ఓ బ్యాంకు తన పెద్ద పెద్ద ఖాతాదారుల కోసం ఆ హాలే కావాలంది. ఆ సాయంత్రం సవ్యంగా నడిస్తే ఉద్యోగం ఖాయం. లేదంటే ఉద్యోగంతో పాటు వీసా కూడా పోతుంది.

ముందురోజు అన్నీ సరిచూసుకోడానికి వెళ్ళింది. చలికాలం... టీ తాగేలోగానే చీకటి. వంటవాళ్ళు రుచి చూడమని ఓ పళ్ళెం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఫొటో తీసి మేనేజరుకి పంపాలని అపూర్వ అన్ని కుర్చీల ముందూ కంచాలు సర్దింది — బంగళా చూసుకునే కేర్‌టేకర్ వద్దన్నా, కొస కుర్చీ ముందు కూడా. తర్వాత బల్ల దగ్గర కూర్చుని తినబోతూ ఆగింది. ఎదుట కంచం ఖాళీగా ఉంటే మన చెయ్యి నోటి దాకా వెళ్ళదు కదా? అలవాటు కొద్దీ ఆ కొస కంచంలో కాస్త వడ్డించింది.

గమనించారా? ఆ పొరపాటు మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

రెండు ముద్దలు తిని లేవబోయింది. కుర్చీ కదల్లేదు.

బలంగా నెట్టింది. అయినా అంతే. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఫోను తలుపు పక్కన సంచిలో ఉంది. కొసవైపు నుంచి — గురక. కడుపు నిండినవాడి గురక...

అటూ ఇటూ ఖాళీ కుర్చీల్లో పట్టుబట్టల గరగర. ఎవరి మోచెయ్యో తన మోచేతికి తగిలింది. చల్లగా. చెవి దగ్గర గుసగుస, ఏ భాషో తెలీదు గానీ అర్థమైంది —

"ఆయన లేచాడా?"

అప్పుడు తట్టింది అపూర్వకి. మన పెళ్ళిళ్ళలో బంతి మధ్యలో కూర్చోకుండా తిరిగేది ఎవరు? వడ్డించేవాళ్ళు! వాళ్ళని ఎవరూ తప్పుపట్టరు. తల వంచుకుని, ఎలాగో గొంతు కూడదీసుకుని, మెల్లగా అంది: "మీరు నింపాదిగా కానివ్వండి బాబుగారూ. మజ్జిగ తెస్తాను."

కుర్చీ దానంతటదే వెనక్కి జరిగింది.

మర్నాడు కొస కుర్చీలో ఎవరూ కూర్చోవద్దని బతిమాలింది. బ్యాంకు పెద్దాయన నవ్వేసి, సరిగ్గా అక్కడే కూర్చున్నాడు. విందు ముగిసింది. కాఫీలు చల్లారాయి. బయట కార్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కరూ లేవలేదు.

మేనేజరు పొంగిపోయింది. "చూశావా, వెళ్ళాలని ఎవరికీ లేదు. నీ ఉద్యోగం ఖాయం" అని చెవిలో చెప్పింది.

అపూర్వ అతిథుల ముఖాలు చూడలేదు, చేతులు చూసింది. అన్నీ కుర్చీ అంచుల్ని పట్టుకుని... నెడుతున్నాయి.

పరుగున పెద్దాయన దగ్గరికెళ్ళి వంగింది. ఆయన పెదవులు మాత్రం కదిలాయి.

"అమ్మా... నేను కూర్చున్నది కుర్చీలో కాదు. ఎవరి ఒళ్ళోనో."

తర్వాతా? ఉండండి, రుబ్బిన పిండి గ్రైండర్లోనే వదిలేశాను. తీసొస్తాను. మీరు కూర్చోండి.