ఏనుగు జెండా దొరసాని

"మీ అన్నని పట్టించినోళ్ళ జాడ తెలిసినాది మోహనూ. రాజా, బానుప్రియ. ఇద్దరిలో ఒకరు విదేశీ ముఠా మనిషి. ఎవులో నువ్వే ఏరాల," అంది వీరలక్ష్మి.

బర్మాలోని యాంగోన్ నగరంలో, మింగళ తౌంగ్‌న్యున్‌లో ఆమెది టీకొట్టు. సైన్యం పాలనని ఎదిరించే ఉద్యమానికి ఇంటెలిజెన్స్ చీఫ్ కూడా ఆమే. ఏజెంట్ మోహనకృష్ణ పళ్ళు కొరికాడు. అన్న దండాసి ఇన్సేన్ జైలులో దెబ్బలకి చచ్చిపోయి నెల కాలేదు. సైన్యం గద్దెనెక్కి ఇంటర్నెట్ కోసేసిన రోజులవి. దాక్కున్నవాళ్ళ ఆచూకీ తీసి సైన్యానికి అమ్మడమే ఆ ముఠా వ్యాపారం.

సాయంత్రం లత అనే పేటలో ఒక మేడమీద, పాచికలేసి పాత్రలుగా ఆడే గేమ్ మొదలైంది. ఆడేది రాజా, భానుప్రియ. పైన అటకమీద సమ్మె చేసిన విద్యార్థులు దాక్కున్నారు. కింద బల్లమీద పాచికలు వాళ్ళకి కవర్. ఆట నడిపే గేమ్ మాస్టర్ వేషంలో ఉన్న మోహనకృష్ణ, ఆ పాతకాలపు యూరప్ కోటల ఆటకి అనుబంధంగా వచ్చిన కొత్త పుస్తకం తెరిచాడు. ఇకమీదట సిపాయిలుగా కాదు, దొరలుగా ఆడొచ్చు. ప్రతి దొరకీ ఒక కోట, జెండామీద ఒక జంతువు, పగ తీర్చుకునే హక్కు. ఆ చివరి రూలు అతనికి తెగ నచ్చింది.

"కో రాజా, నీ జెండామీద ఏటి?" బర్మా వాడుకలో అన్నా అన్నట్టు "కో" చేర్చి అడిగాడు మోహనకృష్ణ.

"గినీపిగ్. సుక్రవారం పుట్టినోణ్ణి, ఇంకేటి ఎట్టుకుంతాను?"

యాంగోన్‌లో పుట్టిన వారాన్నిబట్టి జంతువు ఉంటుంది. పగోడాలో ఎవరి మూల దగ్గర వాళ్ళు నీళ్ళు పోస్తారు. తెలుగువాళ్ళకీ అది చిన్నప్పటి అలవాటే.

భానుప్రియ నవ్వితే చూసేవాళ్ళకి మతిపోతుంది. ఇన్సేన్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టానంటుంది. "నాది బుదవారం. ఏనుగు," అంది.

"పొద్దుటిదా, సాయంత్రందా?" అడిగాడు మోహనకృష్ణ.

"ఏనుగంటే ఏనుగే కదేటి!"

బుధవారం పొద్దున్న పుడితే దంతాల ఏనుగు, మధ్యాహ్నం దాటితే దంతాల్లేనిది. ఇక్కడ పుట్టినవాళ్ళని నిద్రలేపి అడిగినా చెబుతారు. డబుల్ ఏజెంట్ దొరికిపోయింది.

అతని మొహం చూడగానే ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. అది ట్రాన్స్‌మిటర్. తిప్పితే అది ఎక్కడుంటే అక్కడికి మిలటరీ ట్రక్కు వస్తుంది. మోహనకృష్ణ బల్లమీంచి దూకాడు. సగం తిరిగిన మూత అతని పిడికిట్లో ఆగింది. రాజా ఆమె చేతులు కట్టేశాడు.

"మా అన్న నీకేటి సేసినాడే?" మోహనకృష్ణ పిస్టల్ ఆమె కణతకి ఆనింది. కాల్చెయ్యాలని ఒళ్ళంతా మండిపోతోంది. కానీ ఆమె ఒక్కతీ చస్తే ఆ మంట చల్లారదు. "నిన్ను పంపినోడు ఎక్కడున్నాడు?"

ఆమె చెప్పింది.

విద్యార్థులు వెనకసందులోంచి దాటిపోయారు. ఏసీ మెకానిక్ వేషంలో మోహనకృష్ణ ఆమె చెప్పిన చెరువుగట్టు బంగళాలోకి వెళ్ళి, ముఠా నాయకుడి సోఫాకింద లిప్‌స్టిక్ పెట్టి పూర్తిగా తిప్పి, గేటు దాటాడు. విద్యార్థులు ఆ బంగళాలోనే దాక్కున్నారనుకున్న సైనికులతో ట్రక్కు ఎదురొచ్చింది.

ముందు కొట్టి తర్వాత పేరడగడం ఆ సైనికుల అలవాటు. మొదటిసారిగా ఆ పద్ధతిలో అతనికి తప్పేమీ కనపడలేదు.