అడగకుండా వేసిన బోదెలు

బడి పక్క వాలు మీద పిల్లలు వారం పాటు చెమటోడ్చి తవ్విన కందకాలు తెల్లారేసరికి మాయమయ్యాయి. వాటిని పూడ్చేసి గుట్ట కింది నుంచి రోడ్డు దాకా నిలువునా నీళ్లు పారే బోదెలు వేసి ఉన్నాయి. ట్రాక్టర్ పక్కన జితేందర్ మెచ్చుకోలు కోసం నిలబడి ఉన్నాడు.

మానస టీచర్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఎవలు చెయ్యమన్నరు నిన్ను?"

"ఎవలన్న చెప్పాల్నా? పోరగాండ్లు గడ్డపారలతోని తిప్పలు పడుతుంటే చూడలేకపోయిన."

"అడ్డంగ ఉన్నవాటిని పూడ్చి నిలువుగ చేసినవ్. వానపడితే నీళ్లు ఆగుతయా, ఉరుకుతయా?"

"ఉరకాలె గద. నిలిస్తే దుంప కుళ్లదా?"

"ఏం దుంప జితేందర్? గీడ పసుపు యాడుంది?"

అతను అప్పుడు చూశాడు వాలు వైపు, సరిగ్గా. ఆర్మూరు పసుపు రైతు బిడ్డ. మన్ను కనిపిస్తే నీళ్లను బయటికి తోలడమే అతను చిన్నప్పటి నుంచి నేర్చిన పని. నాటబోయేవి కానుగ మొక్కలనీ, వాటికోసం నీళ్లను ఆపాలనీ అతనికి తట్టనే లేదు.

"ఇంటర్ల నాతోని చదివినప్పుడు కూడ గింతే. అడగకుంట నా జువాలజీ రికార్డుల కప్ప బొమ్మకు పసుపు రంగేసినవ్."

"మంచిగనే కనిపించింది గద."

"మార్కులు పోయినయ్."

ఆమె కోపం ఊరికే రాలేదు. రేపు బడిలో నీళ్లు–మట్టి పండుగ. చదువుకు పంపితే మట్టి పని చేయిస్తున్నారని ఊరు వారం నుంచి దెప్పుతోంది. బీడీలు చుట్టే శంకరమ్మయితే బడి గేటు ముందే నిలబడి కడిగేసింది. రేపు తల్లిదండ్రులు మెచ్చకపోతే ఈ పనులకు ఇదే ఆఖరని హెడ్‌మాస్టర్ తేల్చేశాడు. ఏసీ గదిలో కూర్చుని వాటర్ గురించి ఉపన్యాసాలిచ్చే వాళ్లను ఎవరూ ఏమీ అనరు, పిల్లలు గడ్డపార పడితేనే అందరికీ బాధ. మానసకు అదే మంట.

"ట్రాక్టర్ ఇంట్ల పెట్టిరా. చేతులతోనే తవ్వాలె," అంది.

జితేందర్ ట్రాక్టర్‌ను ఇంట్లో పెట్టి వచ్చాడు. పిల్లలతో కలిసి పొద్దుగూకే దాకా తవ్వాడు. చివరి వరసకు వచ్చేసరికి మానస ఆపింది.

"గది గట్లనే ఉండని. రేపు అందరికి చూపిస్త."

"ఏం చూపిస్తవ్?"

"నీ తెలివి."

మర్నాడు పిల్లలు పాట ఎత్తుకోగానే వాన కూడా అందుకుంది. అందరూ వరండాలోకి ఉరికారు. కందకాల్లో నీళ్లు నిండి నిమ్మళంగా నిలిచాయి. ఆ చివరి బోదెల నుంచి మాత్రం ఎర్రమట్టి నీళ్లు పరుగెత్తి గేటు దగ్గర విడిచిన చెప్పులన్నిటినీ రోడ్డెక్కించాయి.

"గీ పిచ్చి పని ఎవలదే?" అంది శంకరమ్మ, తన చెప్పు కోసం వెతుకుతూ.

పేరు చెప్పాలని మానస నిన్నంతా ఉబలాటపడింది.  తీరా ఇంతమందిలో అతని పరువు తీయబుద్ధి కాలేదు.

వెనక నుంచి జితేందరే చెయ్యెత్తాడు. "నాదే చిన్నమ్మా. పోరగాండ్లు చేసింది కరెక్ట్. నేనే చెడగొట్టిన. మా చేను మీది వాలు కూడ కొట్టుకపోతున్నది, వచ్చే ఆదివారం పిల్లలను గాడికి పంపుండ్రి."

శంకరమ్మ నిండిన కందకాలను చూసింది. "మా పిల్లకు గడ్డపార బరువైతది. తట్ట ఇయ్యుండ్రి," అంది చివరికి.

వాన తగ్గి అందరూ వెళ్లాక జితేందర్ దగ్గరికొచ్చాడు.

"రేపు మా అమ్మ భీమ్‌గల్ వస్తది, మీ ఇంటికి. మన పెండ్లి మాట్లాడేటందుకు."

 మానసకు నిన్నటి కోపమంతా తిరిగొచ్చింది.

"నన్ను అడిగినవా? మళ్ల ట్రాక్టర్ తోలుకొచ్చినవ్ చూడు."

అతను తలవంచుకున్నాడు. "అడిగితే వద్దంటవని భయం. కప్పకు రంగేసిన కాడి సంది గదే భయం."

"అయితే మాత్రం అడగవా?"

చూరు నుంచి చినుకులు రాలుతున్నాయి. జితేందర్ తలెత్తాడు.

"నన్ను చేసుకుంటవా మానసా?"

ఆ మాట కోసం ఇంటర్ నుంచీ ఎదురుచూస్తోందని ఆమెకు అప్పుడే తెలిసింది. అయినా అంత తేలిగ్గా వదలదలచుకోలేదు.

"ముందుగాల ఆ చివరిది తవ్వు. అయినంక మీ అమ్మను రమ్మను."

గడ్డపార భుజానేసుకుని వాలు దాకా పోయి జితేందర్ ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"అడ్డంగనా, నిలువుగనా?"

కోపంగానే చెప్పాలనుకుంది మానస. నవ్వొచ్చేసింది.

"అడ్డంగ," అంది.