పడకగదిలో రెండో ప్లగ్గు

వాళ్ళ మొదటి గొడవలో ఎవరూ నోరు విప్పలేదు. గొడవంతా అదే.

కొత్తగా పెళ్ళయిన జంట. అతను ల్యాండు సర్వేయరు. గీసిన గీత వంకరపోతే ముద్ద దిగదు. ఆమె మందుల షాపులో ఫార్మసిస్టు. ఏ డాక్టరు చేతిరాతయినా చదివేస్తుంది గానీ, ఇతని మొహం చదవడమే ఇంకా చేతకాలేదు. రైల్లో ఎదురెదురు సీట్లు దొరికిన వాళ్ళలా, ఒకరినొకరు 'మీరు' అనుకుంటూ మహా మర్యాదగా కాపురం చేస్తున్నారు.

పడకగదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు పాయింటు. రాత్రిపూట ఆమె లేచి, తన ఫోన్ తీసేసి అతని ఫోన్ పెట్టేది. కాసేపటికి అతను లేచి, తనది తీసేసి ఆమెది పెట్టేవాడు. మళ్ళీ ఆమె లేచేది. తెల్లారేసరికి రెండు ఫోన్లూ కొన ఊపిరితో ఉండేవి. మనుషుల సంగతీ దాదాపు అంతే. పగలు మాత్రం ఆ ఊసు ఎవరూ ఎత్తేవారు కారు.

నిజం చెప్పాలంటే ఆమెకు ఆ త్యాగాల పోటీ బాగానే ఉంది. ఊరికే ఎవరూ ఎవరికోసమూ నిద్ర పాడుచేసుకోరు కదా అని ఒక చిన్న ఆశ.

అందుకే ఆదివారం అతను కొత్త డబుల్ సాకెట్టు పట్టుకుని వస్తే ఆమె ప్రాణం ఉసూరుమంది.

"ఇక మీ పాయింటు మీకు, నా పాయింటు నాకు," అన్నాడు, గట్టు తగాదా తేల్చినట్టు.

"సంతోషం," అందామె. ఆ గొంతులో సంతోషం తప్ప అన్నీ ఉన్నాయి.

"కాస్త టార్చి పట్టుకుంటారా? మంచం వెనక చీకటి."

బయట వాన పడుతోంది. దానికీ ఏ తొందరా ఉన్నట్టు లేదు.

అతను మెయిన్ ఆపేశాడు. వంటింట్లోంచి అత్తగారి కేక.

"ఒరేయ్! మిక్సీ మధ్యలో ఆగిపోయింది. ముందు చెప్పి ఏడవొచ్చుగా!"

"ఇదిగో, అయిపోవచ్చిందమ్మా!" అన్నాడు. అప్పటికింకా పాత ప్లేటు మర కూడా విప్పలేదు.

టెస్టరు పెట్టి, కరెంటు లేదని నిర్ధారించుకున్నాడు. ప్లేటు ఊడదీశాడు. టేపుతో కొలిచాడు. పెన్సిలుతో గీత గీశాడు. మళ్ళీ కొలిచాడు.

"ఇది ప్లగ్గు పాయింటా, సరిహద్దు తగాదానా?" అందామె.

"నూలుపోగంత వాలినా కంటికి తెలిసిపోతుందండీ."

"మంచం వెనక ఎవరి కంటికి?"

అతను ఉలి అందుకున్నాడు. పెద్ద బాక్సు పట్టేలా గోడ చెక్కుతుంటే సున్నమంతా అతని జుట్టులో పడుతోంది. దులపాలనిపించి, ఆమె టార్చిని రెండు చేతులతో పట్టుకుంది.

"టార్చి ఇటు."

"ఇటే ఉంది."

"అది గోడ మీదుంది."

"గోడ మాత్రం మీది కాదా?"

అతను తల తిప్పి చూశాడు. "కోపం వచ్చిందా?"

"నాకెందుకూ? వాటాలు బాగానే వేశారు."

కొత్త బాక్సు బిగించి, మొదటి సాకెట్టు నుంచి రెండోదానికి వైరు ముక్కలు కలుపుతుండగా గుమ్మంలో అత్తగారు ప్రత్యక్షమయ్యారు, చేతిలో మిక్సీ గిన్నెతో.

"గోడ పడగొట్టి ఏం సాధిస్తున్నావురా? బీరువా మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు పడుందిగా. అది తగిలిస్తే సరిపోయేది."

అనవలసింది అనేసి ఆవిడ వెళ్ళిపోయారు. సర్వేయరు చెవులు ఎర్రబడ్డాయి.

"అది ఉందని మీకు తెలీదా?"

"తెలుసు." అతను అబద్ధమాడడు. అడిగేదాకా నిజమూ చెప్పడు.

"మరి?"

"దానికి టార్చి పట్టేవాళ్ళు అక్కర్లేదు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అతను స్క్రూడ్రైవరుకు చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆదివారమంతా మీరు వంటింట్లో అమ్మతోనే ఉంటారు. ఇద్దరు మనుషులు పట్టే పని ఏముందా అని ఆలోచిస్తే... ఇదొక్కటే తట్టింది."

"మరి ఎవరి పాయింటు వాళ్ళదన్నారు?"

"మధ్యాహ్నం మీకు ఫోన్ చేస్తే రోజూ స్విచ్చాఫ్ వస్తోంది."

"రోజూనా? ఏం పని పడి?"

"పనేం లేదు. తిన్నారా అని." స్క్రూడ్రైవరు అటూ ఇటూ తిప్పాడు. "అలా రోజూ తిన్నారా అంటూ ఉంటే, మెల్లగా తిన్నావా అనొచ్చు కదా అని."

"ఇంట్లోనే అడగొచ్చుగా!"

"ఎదురుగా అంత ధైర్యం చాల్లేదు."

ఆమె ఒక చెయ్యి ఖాళీ చేసుకుని, అతని జుట్టులో సున్నం దులిపింది. దులపడం అయ్యాక కూడా చెయ్యి తియ్యలేదు.

"ఇవాళింకా ఎక్కడ తిన్నాను? మిక్సీ ఆపేసింది నువ్వేగా."

స్క్రూడ్రైవరు కింద పడింది. తీసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. చివరి మర బిగించాడు. ప్లేటు చక్కగా కూర్చుంది. నూలుపోగంత కూడా వాలలేదు.

"అయిందట్రా? మెయిన్ వెయ్యనా?" హాల్లోంచి అత్తగారు అరిచారు.

అయిందని చెప్పడానికి నిజాయితీపరుడు నోరు తెరిచాడు. ఆమె అరచేత్తో ఆ నోరు మూసేసింది.

"వద్దు వద్దు, అత్తయ్యా! ఇంకా చాలా పని ఉంది!" అని కేకేసి, టార్చి ఆపేసింది.