శాలువా రెండో కొస

పొద్దున్నే రొపిటా చేపను ముక్కలు చెయ్యకుండా, తలా తోకా ఉంచి పసుపు మసాలాలో ఉడకబెడుతోంది. ఏడో నెల కడుపుతో మెడాన్ నగరం నుంచి వచ్చిన కూతురు లమ్రియాకు దాన్ని తినిపించాలి. ఆచారం ప్రకారం తల్లీ తండ్రీ చెరో కొసా పట్టుకుని ఉలోస్ శాలువా ఆమె భుజాల మీద కప్పాలి. ఒక్కరే కప్పితే దాన్ని దీవెన అనరు.

ఆ శాలువా రొపిటా తల్లి నేసింది. పెట్టెలోంచి తీయగానే ఆమె మొగుడు మరొలొప్ కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు. పాతికేళ్లుగా చర్చిలో సంఘపెద్ద. బాప్తిస్మం రోజున తన తాత అన్యపూజకు వాడేవని ఇలాంటివన్నీ దొర పాదిరి ముందే తగలబెట్టాడనీ, ఆ గుడ్డ తాను ముట్టననీ భార్యతో తేల్చి చెప్పాడు.

"ఆ పాదిరి వెనకే దొరల సిపాయిలు వచ్చి మన ఊరు తగలబెట్టారు, నాన్నా. అది చెప్పలేదా మీ తాత?" అంది లమ్రియా. "అయితే నా బిడ్డకు మీ బాప్తిస్మమూ వద్దు."

"చదివించింది దేవుణ్ణి తిట్టడానికా?"

"తిట్టింది దొరని. మీకు ఇద్దరూ ఒకటే అయితే నేనేం చెయ్యను?"

రొపిటా గరిటె విసిరికొట్టింది.

"మగ్గం మీద మా అమ్మ వరసకో ప్రార్థన చెప్పుకుంటూ నేసింది దీన్ని. చావు ఇంట్లో శవానికి ఇలాంటి శాలువా కప్పిందని ఆమెను ప్రభువు రొట్టె పంచే బల్ల దగ్గరికి రానివ్వకుండా చర్చి మెట్ల మీద కూర్చోబెట్టింది మీరే. లోపల కూర్చుని రొట్టె తిన్నది నేను." ఆమె శాలువా మడతలు విప్పింది. "యేసుకు మేకులు కొట్టింది కూడా పరాయి రాజు సిపాయిలే. ఆయన దొర సొత్తని మీరు దణ్ణం పెడుతున్నారు, దొర సొత్తని మీ కూతురు విసిరేస్తోంది. ఆయన్ని వాళ్ల చేతిలో ఎందుకు పెడతారు మీ ఇద్దరూ?"

ఒక కొస కూతురి భుజం మీద వేసి, రెండోది మొగుడి వైపు చాపింది. చెయ్యి లాగుతున్నా దించలేదు.

"ఆ మెట్ల మీద మీ అమ్మ ఏదో పాడేది," అన్నాడు మరొలొప్.

"లోపల మనం పాడిన పాటే."

అతను లేచి చేతులు కడుక్కొచ్చి ఆ కొస అందుకున్నాడు. ప్రార్థన చేస్తూ అత్తగారి పేరు కూడా పలికాడు. లమ్రియా ఆమెన్ అనలేదు. శాలువా జారకుండా రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"బిడ్డను ఇందులోనే చుట్టి చర్చికి తెస్తాను," అంది కళ్లు తుడుచుకుంటూ, ఇంకా కోపంగానే. "గుమ్మం దగ్గర ఆపితే?"

"ఆపాల్సింది నేనేగా," అన్నాడు తండ్రి. "ఆపను."