చుక్కల మనిషి వెనకాల

డిసెంబరులో లియెపాయ రేవు పట్టణంలో మధ్యాహ్నం భోజనాలైన కాసేపటికే పొద్దు వాలిపోతుంది. కప్పులో టీ పోసుకునేటప్పుడు కిటికీలోంచి ఓడరేవు కనిపిస్తుంది. తాగి కప్పు కింద పెట్టేసరికి అదే అద్దంలో మన మొహం కనిపిస్తుంది. ఆ శుక్రవారం ఇల్వియా అలాగే తన మొహం చూసుకుని, జుట్టు బిగించి ముడేసుకుంది.

"అలంకారం చాల్లే మహారాణీ. కెమెరాలకి నీ మొహంతో పన్లేదు," అంది దగ్నియా.

ఇద్దరూ యూనివర్సిటీలో మల్టీమీడియా డిజైన్ చదువుతున్నారు, చివరి ఏడాది. ఒకప్పుడు తెరచాపల గుడ్డ నేసిన ఫ్యాక్టరీలో వాళ్ళ విభాగం నడుస్తోంది. ఇటుక గోడలు, ఎత్తైన కప్పు, ఎప్పుడూ టిక్కు టిక్కుమనే వేడినీళ్ళ గొట్టాలు. మొదటి ఏడాది నుంచీ హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఒకరి దువ్వెన ఒకరు వాడుకునేవాళ్ళు, ఒకరి దుప్పటి ఒకరు లాక్కునేవాళ్ళు. ఇల్వియాకి న్యుమోనియా వచ్చినప్పుడు దగ్నియా వారం రోజులు తరగతులు మానేసి మంచం పక్కనే కూర్చుంది. ఆ వారం తర్వాత వాళ్ళ మధ్య "నీది, నాది" అనే మాట రాలేదు.

చివరి ఏడాది ప్రాజెక్టు కూడా ఇద్దరిదీ ఒకటే. సముద్రం మీదికి వెళ్ళిన మగవాళ్ళ కోసం ఒడ్డున తిరుగాడే ఆడవాళ్ళ నడకని నాలుగు గోడల మీదా బొమ్మగా నడిపించాలి. దానికి ఒక నల్లటి బిగుతు సూటు ఉంది. ఒళ్ళంతా తెల్లటి చిన్న చిన్న బుడిపెలు అతికించి ఉంటాయి. ఆ సూటు వేసుకుని నడిస్తే, చుట్టూ గోడలకున్న కెమెరాలు మనిషిని చూడవు, బుడిపెల్నే చూస్తాయి. కంప్యూటర్ తెర మీద ఆ చుక్కలన్నీ కలిసి ఒక మనిషై నడుస్తాయి. దాన్ని వాళ్ళు చుక్కల మనిషి అనేవాళ్ళు.

సూటు వేసుకునేది ఎప్పుడూ దగ్నియానే. జానపద నృత్య బృందంలో పెరిగిన పిల్ల, ఒళ్ళు చెప్పినట్టు వింటుంది. ఇల్వియా కంప్యూటర్ ముందు కూర్చునేది. అలాంటిది ఈ వారం దగ్నియా మోకాలు నొప్పి అంది. ఇక నువ్వే వేసుకోవాలి అంది.

"నా నడక బాతు నడకని నువ్వేగా వెక్కిరిస్తావు?"

"ఎదురుచూసేవాళ్ళు నాట్యం చేస్తారటే? నీ నడకే నిజంగా ఉంటుంది."

ఇల్వియాకి లోలోపల సంతోషమేసింది. సూటు తొడుక్కుంది. వీపు వెనక జిప్పు దగ్నియా లాగింది. ఆ జిప్పు ఎవరికి వాళ్ళు లాక్కోలేరు, ఇంకో మనిషి ఉండాల్సిందే. మెడ దగ్గరికి వచ్చేసరికి జిప్పు మీద నుంచి దగ్నియా వేళ్ళు రెండుసార్లు జారాయి.

"ఏమే, చలా?"

"ఆ... చలే."

ఉన్నట్టుండి దగ్నియా ఆమె తలని దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఊరెళ్ళేవాళ్ళకి పెట్టినట్టు పెట్టింది. ఇల్వియా నవ్వి తోసేసింది.

లైట్లు తగ్గించారు. ఇల్వియా గది మధ్యకి వెళ్ళి నిలబడింది.

"ముందు నీ పేరు చెప్పు. గట్టిగా," అంది దగ్నియా కంప్యూటర్ తెర వెనక నుంచి.

"పేరెందుకు? ఎప్పుడూ చెప్పలేదుగా."

"చెప్పవే బాబూ. రికార్డు మొదట్లో ఉండాలి."

"ఇల్వియా," అంది ఆమె, ఖాళీ గదిలోకి. గొట్టాల చప్పుడు ఆగినట్టనిపించింది. మళ్ళీ మొదలైంది.

ఆమె నడిచింది. ఒడ్డున నిలబడి దూరంగా చూస్తున్నట్టు ఊహించుకుంటూ, ఈ గోడ నుంచి ఆ గోడకి. బయట సముద్రపు గాలి కిటికీల్ని తోస్తోంది. కాసేపటికి ఒక వాసన తగిలింది. తడిసిన ఉన్ని వాసన. వానలో తడిసి ఆరని పాత శాలువా వాసన లాంటిది. దాని వెనకే తారు వాసన. ఎవరి కోటో తడిసి ఉంటుందిలే అనుకుంది.

తిరిగి వస్తుంటే దగ్నియా మొహం కనిపించింది. తెర వెలుగులో నీలంగా ఉంది. ఆ పిల్ల ఇల్వియాని చూడటం లేదు. తెరని చూస్తోంది, మధ్యలో ఒకసారి తలెత్తి ఇల్వియా భుజం పక్కకి చూస్తోంది. నిదానంగా ఆ మొహంలో బిగువు సడలింది. వారాల తరబడి మోసిన మూట ఎవరో దించినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాగా వచ్చిందా?" అంది ఇల్వియా.

"చాలా బాగా," అంది దగ్నియా. కళ్ళు తుడుచుకుంది. "ఇంకాసేపు నడువు. కాఫీ తెస్తాను."

వెళ్ళింది.

ఇల్వియా నడుస్తూనే ఉంది. కాఫీ మిషను కింది అంతస్తులోనే. కాఫీ రాలేదు. దగ్నియా రాలేదు. వంకెకి తగిలించి ఉండాల్సిన దగ్నియా కోటు కూడా లేదని అప్పుడు చూసింది. సంచీ లేదు. కాఫీకి వెళ్ళేవాళ్ళు సంచీ తీసుకెళతారా?

"దగ్నియా?"

గొట్టాలు టిక్కుమన్నాయి.

విసుక్కుంటూ కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. కెమెరాలు ఇంకా నడుస్తున్నాయి. తెర మీద చుక్కల మనిషి బల్ల ముందు నిలబడి ఉంది. అది తనే. చెయ్యెత్తితే అదీ చెయ్యెత్తింది.

దాని వెనక ఇంకొకటి ఉంది.

పొట్టిగా, కాస్త వంగి, మెడ ముందుకి చాచి. చుక్కలు కొన్ని చోట్ల లేవు. ఒక పక్క పక్కటెముకల దగ్గర ఖాళీ. కానీ మనిషే. ఒక చెయ్యి ముందుకి చాచి ఉంది. గుంపులో తప్పిపోకుండా ముందున్నవాళ్ళ భుజం పట్టుకోబోతున్నట్టు.

ఇల్వియా చటుక్కున వెనక్కి తిరిగింది. గది ఖాళీ. నేల, గోడలు, కెమెరాల చిన్న ఎర్ర దీపాలు. అంతే.

కెమెరాల లెక్క తప్పిందనుకుంది. గోడ మీద మెరుపేదో పడి లేని చుక్కలు కనిపించడం మామూలే. అలా అనుకుంటూనే పాత రికార్డులు వెతికింది. దగ్నియా పాడైపోయాయని చెప్పినవి, చెరిపేశానని చెప్పినవి, పూర్తిగా చెరిగిపోలేదు. కంప్యూటర్ చెత్తబుట్టలో ఉన్నాయి. ఒకటి తెరిచింది.

అక్టోబరు నాటిది. దగ్నియా నడుస్తోంది. ఆ నడక ఇల్వియా ఎక్కడున్నా గుర్తుపడుతుంది. దూరంగా గోడ వారన ఆ పొట్టిది నిలబడి ఉంది. కదలటం లేదు.

ఇంకోటి తెరిచింది. అది గది మధ్యకి వచ్చింది.

ఇంకోటి. దగ్నియా వెనకే ఉంది. దగ్నియా ఆగితే ఆగుతోంది, తిరిగితే తిరుగుతోంది.

చివరిదాంట్లో దగ్నియా నడవడం లేదు. నేల మీద ముడుచుకుని కూర్చుంది. అది పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేసి ఉంది. ఆ రికార్డు చాలాసేపు ఉంది. దగ్నియా అలా ఎంతసేపు కూర్చుందో...

ఇల్వియాకి ముందు భయం వెయ్యలేదు. తెలుసు. దగ్నియాకి అంతా తెలుసు. తెలిసే మోకాలు నొప్పంది. తెలిసే నీ నడకే నిజంగా ఉంటుందని పొగిడింది. తెలిసే జిప్పు లాగింది.

జిప్పు.

రెండు చేతులూ వెనక్కి పెట్టింది. అందలేదు. మెడ మీది నుంచి ప్రయత్నించింది, నడుము వైపు నుంచి ప్రయత్నించింది. వేళ్ళు గుడ్డని గీకాయి, అంతే. సూటు ఊపిరాడనివ్వనంత బిగుతుగా ఉంది. తడి ఉన్ని వాసన ఇప్పుడు చాలా దగ్గరగా ఉంది.

"ఎవరైనా... ఉన్నారా?"

తలుపు వైపు ఒక అడుగు వేసింది.

అప్పుడు మెడ దగ్గర ఏదో తగిలింది. చల్లగా. వేలి కొస అంత. ఇల్వియా బిగుసుకుపోయింది. జిప్పు కదిలింది... కొద్దిగా ఆగింది... మళ్ళీ కదిలింది. నిదానంగా. చర్మం పట్టుకుంటుందేమోనని జాగ్రత్తపడుతూ, స్నేహితురాలు విప్పినట్టే, వెన్నెముక వెంట కిందిదాకా విప్పింది.

ఆమె అరవలేదు. సూటులోంచి పాములా జారి బయటపడి, దొరికిన బట్టలు వేసుకుని, కోటు పట్టుకుని మెట్ల మీదికి పరిగెత్తింది. వీధిలోకి వచ్చాక కానీ షూ లేసులు కట్టుకోలేదు. అప్పుడు దగ్నియాకి ఫోను చేసింది.

చాలాసేపు మోగింది. తర్వాత దగ్నియా ఎత్తింది. వెనకాల బస్సు ఇంజను చప్పుడు.

"ఎక్కడున్నావే?"

"వెంట్‌స్పిల్స్ బస్సులో. అమ్మ దగ్గరికి."

"నీకు తెలుసు."

అవతల దగ్నియా ముక్కు చీదింది.

"నాతో పేరెందుకు చెప్పించావు?"

"ఎవరి వెంట పోవాలో అది వినాలి కదా," అంది దగ్నియా మెల్లగా. "నన్ను తిట్టు, ఇల్వియా. ఎన్నైనా తిట్టు. నెలయింది నిద్రపోయి. స్నానాల గదిలో ఉండేది. నా మంచం కింద... నువ్వు పక్క మంచం మీద హాయిగా గుర్రుపెడుతుంటే నేను..."

"లేపితే లేచేదాన్నిగా! చెబితే వినేదాన్నిగా!"

"నువ్వే అడిగావు."

"ఏంటి?"

"పోయిన శనివారం. గది తలుపు బయట నుంచి. 'ఇక చాల్లే దగ్నియా, నాకిచ్చెయ్యి, నేను మోస్తాను' అన్నావు. నీ గొంతే. ఆ దగ్గు కూడా నీదే."

ఇల్వియా గోడకి ఆనుకుంది. "శనివారం నేను సాల్దుస్‌లో ఉన్నాను. మా పెద్దమ్మ పుట్టినరోజుకి. నువ్వేగా స్టేషన్లో దిగబెట్టావు?"

"తెలుసు."

"తెలుసా?"

"తలుపు తీయకముందే తెలుసు. బయట ఎవరూ లేరు." దగ్నియా ఏడుస్తోంది, కానీ ఆ ఏడుపులో ఒళ్ళు తేలికపడ్డ మనిషి హాయి ఉంది. ఇల్వియాకి అదే ఎక్కువగా గుచ్చుకుంది. "నువ్వు కాదని తెలుసు. కానీ నీ గొంతు అడిగింది కదా... నా మనసుకి అది చాలనిపించింది."

న్యుమోనియా రోజుల్లో నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యే ఇందాక జిప్పు లాగింది. రెండూ ఒకే చెయ్యి ఎలా అయ్యాయో ఇల్వియాకి అర్థం కాలేదు.

"విను," అంది దగ్నియా గుసగుసగా. "సోమవారం మొదటేడు పిల్లలు ఆ గదికి వస్తారు. సూటు వేసుకుంటామని ఎగబడతారు. ఎవరికో ఒకరికి తొడిగి, పేరు చెప్పించు. అంతే. ఎవరూ నిన్ను అడగరు."

"నువ్వు నన్నే ఎంచుకున్నావు," అంది ఇల్వియా. "పరాయివాళ్ళు అంతమంది ఉండగా."

"పరాయివాళ్ళయితే ఒప్పుకోకపోతే ఎలా అని భయమేసింది. నువ్వైతే ఏమడిగినా చేస్తావు."

ఇల్వియా ఫోను పెట్టేసింది.

చాలాసేపు ఆ వీధిలోనే నిలబడింది. రేవు వైపు నుంచి మంచు పొడి రివ్వున కొడుతోంది. ఇంటికి వెళ్ళిపోవచ్చు. సోమవారం దాకా ఆగవచ్చు. నవ్వుతూ తుళ్ళుతూ వచ్చే పిల్లల్లో ఒకమ్మాయికి "నీ నడక చాలా బాగుంటుందే" అని చెప్పవచ్చు. ఆ మాట ఎంత సులువుగా పనిచేస్తుందో ఆమెకిప్పుడు తెలుసు.

వెనక్కి వెళ్ళింది. మెట్లెక్కింది. తెర వైపు చూడకుండా, పక్కకి మొహం తిప్పుకుని, కంప్యూటర్ తీగ లాగేసింది. నేల మీద పడున్న సూటుని వేళ్ళతో తడిమి పట్టుకుంది. వదిలేసినప్పుడు ముద్దగా పడింది. ఇప్పుడు చక్కగా మడతపెట్టి ఉంది. అది గమనించనట్టే సంచీలో కుక్కుకుంది. ఎవరూ వేసుకోకూడదు. రేపు కాలుస్తుందో, పాతిపెడుతుందో, తన దగ్గరే ఉంచుకుంటుందో, అదింకా ఆలోచించలేదు.

గది తాళం వేస్తూ, చీకట్లోకి మెల్లగా అంది: "నా పేరు నేను చెప్పలేదు. నాతో చెప్పించారు."

మెట్లు దిగింది.

బయట ట్రాము వచ్చి ఆగింది. దిగేవాళ్ళు లేరు, ఎక్కేది ఆమె ఒక్కతే. టికెట్టు కొట్టించుకుని, కిటికీ పక్కన కూర్చుని, సంచీని ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. లోపల వెచ్చగా ఉంది. తలుపులు మూసుకున్నాయి. ట్రాము అంగుళం కదిలింది.

ఆగింది.

డ్రైవరు, నడివయసు ఆవిడ, పక్క అద్దంలోకి చూసి తలుపులు మళ్ళీ తెరిచింది. ఖాళీ మెట్టు మీదుగా చలిగాలి, దానితో తడి ఉన్ని వాసన లోపలికి కొట్టాయి. ఆవిడ ముందున్న మీటల బల్ల మీద వేళ్ళు వాయిస్తూ, ఓపిగ్గా, చాలాసేపు ఎదురుచూసింది.

"ఎక్కండమ్మా," అంది మైకులో. "జాగ్రత్త, మెట్టు ఎత్తుగా ఉంటుంది. తొందరేం లేదు."