తూర్పు గదులకు రంగులు

నలభై రెండో ప్రకటన దగ్గర గౌరీశ్వరి గొంతు బొంగురుపోయింది. గ్లాసులోంచి ఒక గుక్క నీళ్ళు తాగి మళ్ళీ మొదటి నుంచి చదివింది.

“తల్లిదండ్రులకు మనవి. ఈ వారం మధ్యాహ్న భోజనంలో గుడ్డుకు బదులు తేలికగా అరిగే పదార్థం ఇస్తారు. పిల్లలు కొంచెం మిగిల్చినా కంగారు పడవద్దు.”

ఎదుటి గాజు తెర మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. నోటిముద్ర పడింది. ప్రకటనను పొందిక అనే యంత్రం తీసుకుని పదకొండు తీరులుగా మలచింది. పోయిన ఏడాది బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి ఒక తీరు, ఊరు మారిన ఇంటికి ఒక తీరు, ఎదురు ప్రశ్నలు వేసే ఇంటికి ఒక తీరు. ఏడున్నరకు అది తీర జిల్లాలోని నలభై ఒక్క వేల వార్తపెట్టెల్లో వినిపిస్తుంది. గొంతు గౌరీశ్వరిదే. కాకపోతే పదకొండేళ్ళ కిందటిది. ఆమె ఉద్యోగంలో చేరిన వారంలో రికార్డు చేసుకున్నారు. ఇళ్ళల్లో ఆ గొంతుకు బడక్క అని పేరు.

మనిషి చదవడం దేనికని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు. సముద్రానికి పెనుపోటు వచ్చిన ఏడాది కాగితంలో బడికి సెలవని ఉంది, మైకులో బడి ఉందని చెప్పారు. పిల్లలు వెళ్ళారు. తర్వాత కోర్టు ఒక మాట తేల్చింది: నోట పలికినదే ప్రకటన, రాసింది దానికి నకలు మాత్రమే. అప్పటి నుంచి ప్రతి ప్రకటనా ఒక మనిషి నోటి మీదుగానే పోవాలి. గౌరీశ్వరి రోజుకు నూట నలభై చదువుతుంది. తను చదివేది తను వినడం ఎప్పుడో మానేసింది.

ఎనిమిదీ పదికి తిరుగులైను మోగింది. ఇళ్ళ నుంచి వచ్చే మాటలకు మామూలుగా పొందికే జవాబు చెబుతుంది. కృతజ్ఞతలు చెప్పేవాళ్ళను మాత్రం నెలకు ఒకరిద్దరిని ఆమెలా ప్రకటనలు చదివే పఠకులకు కలుపుతుంది. పఠకులు ఉద్యోగం మానకుండా ఉండటానికి అది పనికొస్తుందని దాని లెక్క.

“అక్కా, బడక్కా! నాను బొంతలరేవు ఎల్లాజీని. బడి కమిటీ సైర్మన్ని. నువ్వు రంగులని సెప్పినావు కదా, మా ఆడోళ్ళు తెల్లారకముందే లెగిసి గిన్నెలు, సీపుర్లు సర్దీసినారు.”

“ఏ రంగులండీ?”

“ఓలమ్మ! సెప్పి మర్సిపోనావేటి? తూరుపు గదులకి రంగులేస్తారు, పిల్లల్ని పడమట గదుల్లో కూకోబెడతారు అన్నావు కాదేటి నిన్న? నువ్వు కాకపోతే మీ సెల్లెలా?”

వెనక నలుగురు నవ్వారు. ఎవరో ఆడమనిషి, “అక్కని ఏడిపించకు, సదువుకున్న మనిషి,” అంది.

“ఏటా పడవలకి రంగేస్తాం గదా. మిగిలింది బడికే. మా తాతల కాడ్నించీ అంతే. నీలం మూడు డబ్బాలు, ఎర్రది ఒకటి. మీ గవర్మెంటోళ్ళు వొచ్చి సున్నంనీళ్ళు జల్లిపోకముందే మావే ఏసెత్తాం. ఇయాల మంగళారం, సముద్రం మీద ఏట నేదు. పదింటికి ఊరు ఊరంతా గదుల్లోనే.”

“మా వాళ్ళు ఎప్పుడొస్తారో కనుక్కుని చెబుతాను. రేపు వేసుకోకూడదూ?”

“కుదర్దక్కా. మూతలు తీసీసినాం. మూత తీసిన రంగు ఆగుద్దేటి? గోడ మీద సొరసేప బొమ్మేసి దాని పక్కన నీ పేరు రాయిస్తాను. ఎప్పుడైనా వొచ్చి సూసుకో.”

లైను పెట్టేశాక గౌరీశ్వరి నిన్నటి ప్రకటన వెతికింది. రంగులవాళ్ళు వచ్చే తేదీ చూసి చెబుదామని దాని మూలపత్రం తెరిచింది. పఠకులు మూలపత్రాలు తెరవకూడదన్న నియమమేమీ లేదు. తెరిచే తీరిక ఎవరికీ ఉండదు, అంతే.

బొంతలరేవు ప్రాథమిక పాఠశాల. తూర్పు గదులు మూడు. పునాది కింద ఇసుక కోత రెండు మీటర్ల పది. పునాదిలోని అడుగుమాపకం అంచనా: నిలిచే కాలం పందొమ్మిది రోజులు, అటూ ఇటూ పదిహేడు. గదుల్లో ప్రస్తుత బరువు సున్నా. సిఫారసు: ఖాళీ చేయించాలి.

దాని కింద పొందిక రాసుకున్నది ఉంది. కారణం తెలిపితే హాజరు అరవై ఒకటి నుంచి తొమ్మిదికి పడిపోవును. నిమ్మళ సూచి డెబ్బై నాలుగు శాతం తగ్గును. ప్రత్యామ్నాయ కారణం: రంగులు.

అంచనా వేసింది శనివారం. పందొమ్మిదిలోంచి పదిహేడు తీసేస్తే రెండు. ఇవాళ మంగళవారం.

ఆమె తిరుగులైనులో బొంతలరేవు కమిటీని పిలిచింది. ఎల్లాజీ, “ఏటక్కా, అప్పుడే బెంగెట్టుకున్నావా?” అన్నాడు.

“ఎల్లాజీ, ఆ గదుల్లోకి ఎవరినీ పోనివ్వకు. వాటి పునాది...”

లైను తెగింది. గాజు మీద అక్షరాలు వచ్చాయి. ప్రకటన కాని సమాచారం. సంభాషణ ముగిసింది. ఆమె మళ్ళీ పిలిచింది. ఆ నంబరు ఈ రోజుకు అందుబాటులో ఉండదని అదే పదకొండేళ్ళ కిందటి గొంతు ఆమెకు చెప్పింది.

సొంత ఫోను గేటు దగ్గర జమ చేసి ఉంది. రెండు గంటలకు పని దిగేదాకా ఇవ్వరు. ఆమె మేడెక్కి వార్తాధికారి భానోజీ గదికి వెళ్ళింది.

భానోజీ మూలపత్రం చదవలేదు. చదవనక్కర్లేదన్నట్టు చూశాడు.

“కూర్చోండి. ఇది నాకు తెలుసు. శుక్రవారం హాజరు లెక్క. అరవై మంది పిల్లలుంటే ఊరు నివాస జాబితాలో ఉంటుంది, సముద్రపు గోడ మంజూరవుతుంది. ఒక్కరు తగ్గినా కొట్టేస్తారు. వాళ్ళకున్నది అరవై ఒక్కరు.”

“అందుకని అబద్ధం చెప్పించారా నా చేత?”

“పొందిక కక్ష కట్టి చెప్పలేదు గౌరీశ్వరి గారూ. ఆ ఊరి కోసమే చెప్పింది. ఇంకో మూడు రోజులు.” అతను కిటికీ వైపు తిరిగాడు. “మాది కొత్తగుంట. బడి మూసిన ఏడాదే ఊరిని తీసేశారు. రెండు వందల నలభై గడపలు. పట్నంలో నాలుగు బ్లాకుల్లో పంచారు. మా నాన్న వల అల్లేవాడు. చివరికి గోదాములో పార్శిళ్ళకు చీటీలు అంటిస్తూ పోయాడు.”

“పిల్లలు పడమటి గదుల్లోనే ఉంటారు సార్. ఊరు తూర్పు గదుల్లో ఉంటుంది. ఇవాళ పదింటికి.”

ఆమె చెప్పింది విన్నాక భానోజీ ముఖం మారింది. పొందికను అడిగాడు. బడికి ఊరు రంగులు వేసే ఆచారం నమోదులో లేదని అది జవాబిచ్చి, అడగకుండానే కొత్త ప్రకటన తయారు చేసింది. రంగుల పని సోమవారానికి వాయిదా పడింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము.

“ఇది చదవండి. వాళ్ళు ఆగుతారు.”

“ఆగరు సార్. మూతలు తీశారు.”

“అయితే?”

“మూత తీసిన రంగు ఆగదు. వాయిదా అంటే మనవాళ్ళకు వాయిదా అనుకుంటారు. తాళం వేయించండి.”

“ఎవరితో వేయిస్తాం? పాఠం చెప్పేది గోడ తెరలు. అక్కడ మన మనిషి ఒక్కడూ లేడు. తాళం చెవి ఆ ఎల్లాజీ దగ్గరే ఉంది.” భానోజీ చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు. “పైకి రాస్తాను. పదకొండింటికి జవాబు వస్తుంది.”

గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై ఎనిమిది.

గౌరీశ్వరి కిందకు వచ్చి గదిలో కూర్చుంది. వాయిదా ప్రకటన గాజు మీద సిద్ధంగా ఉంది. పక్కన మూలపత్రం తెరిచే ఉంది. గదుల్లో ప్రస్తుత బరువు: మూడు వందల పది కిలోలు. పదింటి దాకా వాళ్ళు ఆగలేదు.

ఆమె గాజు మీది వాక్యాన్ని చూడకుండా మాట్లాడింది.

“బొంతలరేవు తల్లిదండ్రులకు. తూర్పు గదులకు రంగులు వేయడం లేదు. వాటి పునాది కింద ఇసుక కోసుకుపోయింది. గదులు ఎప్పుడైనా కూలవచ్చు. లోపల ఎవరూ ఉండవద్దు. నిన్న చెప్పింది అబద్ధం. చెప్పింది నేనే.”

ఎర్ర దీపం వెలిగింది. పాఠం సరిపోలేదు. మళ్ళీ చదవండి.

మళ్ళీ అవే మాటలు చెప్పింది. మళ్ళీ ఎర్ర దీపం. పఠకురాలికి విశ్రాంతి అవసరమా అని గాజు అడిగింది.

కోర్టు తీర్పులో ఇంకో ముక్క ఉంది. ఉద్యోగ పరీక్షకు ఆమె బట్టీ పట్టింది, తర్వాత ఎప్పుడూ పనిపడలేదు. మూడుసార్లు ఒకే మాట పలికితే అది పొరపాటు కాదు, ప్రకటన. మూడోసారి చదివితే శుక్రవారం ఆ బడిలో అరవై మంది ఉండరు. గోడ రాదు. ఊరి పేరు జాబితాలోంచి పోతుంది. ఎల్లాజీ ఏ బ్లాకులో ఏ అంతస్తులో ఉంటాడో, చీటీలు అంటిస్తాడో బరువులు మోస్తాడో పొందిక ఈపాటికి రాసి పెట్టుకునే ఉంటుంది. ఆ ఊరివాళ్ళు ఇవేవీ ఎన్నుకోలేదు. వాళ్ళ తరఫున ఎన్నుకోవడానికి తనెవరు? మూలపత్రం వైపు చూసింది. ఆరు వందల ఎనభై కిలోలు.

మూడోసారి చదివింది.

దీపం ఎరుపూ కాలేదు, ఆకుపచ్చా కాలేదు. ఆరిపోయింది. పొందిక దగ్గర ఈ మాటలకు తీరు ఏదీ తయారుగా లేదు. తీరు లేని ప్రకటనకు గడపలను ఎంచే వీలు లేదు. కాబట్టి అది ఆమె నోట ఎలా వచ్చిందో అలాగే, బొంగురు గొంతుతో, నలభై ఒక్క వేల వార్తపెట్టెలకూ వెళ్ళిపోయింది.

బరువు పెరుగుతూనే ఉంది. తొమ్మిది వందలు. వెయ్యీ నూట నలభై. నాలుగు నిమిషాల తర్వాత తిరుగులైను మోగింది.

“ఎవులమ్మా నువ్వు?” ఎల్లాజీ గొంతులో నవ్వు లేదు. “బడక్క పేరెట్టుకుని మమ్మల్ని బెదిరిస్తన్నావేటి? మా ఊరు ఖాళీ సేయించడానికి ఎవులు పంపినారు నిన్ను? బడక్క గొంతు ఇలగుండదు.”

“నేనే ఎల్లాజీ. ఆ గొంతు పాతది. ఇది నాది.”

“సాల్లే.”

“నీలం మూడు డబ్బాలు. ఎర్రది ఒకటి. గోడ మీద సొరచేప వేసి పక్కన నా పేరు రాయిస్తానన్నావు. మూత తీసిన రంగు ఆగుద్దేటి అన్నావు. ఇళ్ళల్లో పెట్టెకి ఈ మాటలు తెలుసా?”

అవతల డబ్బా ఒకటి కింద పడిన చప్పుడు.

“లోపల ఎంతమంది ఉన్నారు?”

“ఇరవై మంది దాకా. మా ఆవిడ నిచ్చెన మీదుంది. సిన్నపిల్లలు కూడా ఎక్కీసినారు.”

“పునాది కింద ఇసుక లేదు ఎల్లాజీ. బయటికి పిలువు.”

లైను తెగలేదు. ఇప్పుడది ప్రకటన. ఆ మాటలను ఆపే అధికారం పొందికకు లేదు. ఎల్లాజీ పరిగెడుతూ అరవడం ఆమెకు వినిపించింది. పేర్లు పెట్టి పిలుస్తున్నాడు. తిడుతున్నాడు. ఎవరో పిల్ల కుంచె వదలనని ఏడుస్తోంది. మూలపత్రం మీద అంకె వెయ్యీ నూట ఎనభై దగ్గర ఆగి, తగ్గడం మొదలుపెట్టింది. ఎనిమిది వందలు. నాలుగు వందల యాభై. చాలాసేపు అరవై మూడు దగ్గర ఉంది. తర్వాత తొమ్మిది అయింది. అది నిచ్చెన.

ఎల్లాజీ మళ్ళీ లైనులోకి వచ్చేసరికి రొప్పుతున్నాడు.

“అందరూ వొచ్చీసినారు. మరి శుక్రారం లెక్క?”

ఆమె బొంతలరేవు మూలపత్రం మూసింది.

“అదీ నీకు ముందే తెలుసు కదేటి?”

“ఇవాళే తెలిసింది.”

“నిన్ననే సెప్పుంటే మూతలు తియ్యకపోదుం.” అతను ఎవరినో గోడకు దూరంగా జరగమని అరిచాడు. “గోడ రాదు. ఊరు పోయినట్టే. సరే అక్కా. మడుసులైతే ఉన్నారు.”

లైను పెట్టేశాడు.

తలుపు దగ్గర భానోజీ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఆమె చూడలేదు. పై అంతస్తులో అతని ఫోను మోగుతూ ఉంది. ఆగి, మళ్ళీ మోగింది. అతను కదల్లేదు.

తిరుగులైను గాజు మీద ఒక చుక్క వెలిగింది. తర్వాత ఏడు. కృతజ్ఞతల గడిలో ఒక్కటీ లేదు. వాటిని ఏ గడిలో వేయాలో తెలియక పొందిక అన్నింటినీ ఆమెకే కలుపుతోంది. గౌరీశ్వరి మొదటిది ఎత్తింది.

“అమ్మా, మాది ఉప్పుగెడ్డ బడి. ఇందాక మాటాడింది నువ్వేనేటి?” పెద్దావిడ గొంతు. “మొన్న నాలుగో తారీకున మా బడికీ రంగులేస్తన్నారన్నావు. మా మనవరాల్ని ఆ యెనకాల గదిలోంచి ముందు గదికి మార్సినారు. ఇంకా ఎవులూ రంగెయ్యడానికి రానేదు. ఎందుకమ్మా రానేదు?”

గౌరీశ్వరి ప్రకటనల్లో రంగులు అనే మాట వెతికించింది. నాలుగు నెలల్లో పందొమ్మిది బడులు. పందొమ్మిదింటి కిందా ఆమె నోటిముద్ర ఉంది. ఒక్కటీ చదివినట్టు గుర్తు లేదు.

చుక్కలు అరవై దాటాయి.

“సార్,” అంది తల తిప్పకుండా. “మూలపత్రాలు తెరుస్తున్నాను.”

భానోజీ లోపలికి వచ్చి తలుపు మూసి, గడియ పెట్టాడు. గోడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఆ పందొమ్మిదిలో ఏడోది కొత్తగుంట పక్క ఊరు,” అన్నాడు. “దాన్ని ముందు తియ్యండి.”

“ఉన్నావామ్మా?” అంది లైనులో పెద్దావిడ.

“ఉన్నాను. దాని తర్వాత మీదే చదువుతాను. పిల్లను ఇంటికి తెచ్చుకోండి,” అంది గౌరీశ్వరి. గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగింది. ఒక్కోటీ మూడుసార్లు చదవాలి.